చిన్న సేఠ్‌కు మీటరు లెక్కన ఒక మనవి

లింబాయత్, సూరత్.

చిన్న సేఠ్ సాబ్‌కు మీ షెడ్డులో సాంచాలు (మరమగ్గాలు) నడిపే తెలుగువాళ్ల దండాలు.

వరంగల్, కరీంనగర్ దిక్కు నుంచి చేతిమగ్గం వదిలేసి ఇక్కడికొచ్చినవాళ్ల పిల్లలం మేం. మా కోసం మునిసిపాలిటీ తెలుగు మీడియం బళ్లు కూడా పెట్టింది. అయినా కార్ఖానాలో మమ్మల్ని పిలిచి మాట్లాడిన సేఠ్ మీరే మొదటివారు. సంతోషం.

కాకపోతే మీ సోమవారం మీటింగ్ పాళీ మారే వేళకు పడింది. రాత్రి పాళీ దిగినోళ్లు గోడకానుకుని కునుకుతారు. పగటి పాళీవాళ్లు ఆగిన సాంచాల వంక చూస్తుంటారు. మాకు పగార్ మీటరు లెక్కన కదా! పనిని ప్రేమించండని మీరు చెప్పే అరగంటలో నేయని గుడ్డకు కూలి ఎవరిస్తారన్నదే మా బుర్రలో తిరుగుతుంటుంది.

మొన్న ఒరియా తమ్ముడొకడు ధైర్యం చేసి, మూడో వరసలో బెల్టుకు జాలీ లేదన్నాడు. ఫోన్‌లో రాసుకున్నారు. మరుసటి వారం అదే అడిగాడు, మళ్లీ రాసుకున్నారు. ఇప్పుడతను నోరు విప్పడు. చివర్లో మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొడతాడు. అది ఉత్సాహమని మీరనుకుంటున్నారు, మీటింగ్ అయిపోయిందన్న సంబరం సాబ్ అది.

అదే సాంచాలు బాగుచేసే మన జాబర్ని చూడండి. పేక ఇన్నిసార్లు ఎందుకు తెగుతోందని సాంచా పక్కనే నిలబడి అడిగాడు. నూలు లాటు బాగాలేదన్నాం. సాయంత్రానికి లాటు మారింది. అప్పట్నుంచి ఎవరికి ఏ లోపం కనబడ్డా ఆయన దగ్గరికే ఉరుకుతున్నారు.

చట్టం కూడా కూర్చుని మాట్లాడుకోమనే అంటోంది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, ఆపైన పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీవాళ్లెందరో మావాళ్లూ అందరే, మొత్తం 10 మందికి మించకూడదు. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చాలి. అధ్యక్ష కుర్చీ ఒక ఏడు మీది, ఒక ఏడు మాది. ఈ చివరి ముక్క విని చాయ్ బండి దగ్గర కడుపుబ్బ నవ్వుకున్నాం. అసలు మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, మా పేర్లుంటే కదా మేం 20 మందిమని లెక్క తేలేది!

కాబట్టి మీటింగ్ మానొద్దు. ఆ అరగంటకు మీటర్ల కూలి కట్టండి, రాత్రి పాళీని ఇంటికి పంపండి, పోయినవారం రాసుకున్నది ఏమైందో ముందు చదవండి. అధ్యక్షత మొదటి ఏడు మీరే తీసుకోండి, మాకు తొందర లేదు. ఈలోగా మస్టర్‌లో పేర్లు ఎక్కించండి.

ఇట్లు,
మూడో వరస సాంచాలవాళ్లు