లీజన్ ఎక్కడ?

హాస్టల్లో కరెంటు పోయింది. అందరూ ఫోన్ లైట్లు వేసుకుంటుంటే ఒక్కడు మాత్రం వాచ్‌మన్‌ని నిలదీస్తున్నాడు: "ఒక్క ఫేజే పోయిందా, మొత్తం పోయిందా? ఎక్కడ తెగింది?" అతనే స్టెప్ వన్ కుర్రాడు. ఎంబీబీఎస్ అయింది, అమెరికాలో డాక్టరు లైసెన్సుకు రాసే స్టెప్ వన్ పరీక్ష మీద కన్నుంది, న్యూరో అనాటమీ మొదలుపెట్టి మూడు వారాలైంది. నరాల దారిలో దెబ్బతిన్న చోటును లీజన్ అంటారు. అది వెతకందే అతనికి ముద్ద దిగదు.

తండ్రిది వేరే బాధ. 2022 జనవరి 26 నుంచి ఈ పరీక్ష రాసినవాళ్ళకు మార్కులు చెప్పడం లేదు. పాసో, ఫెయిలో, అంతే. "ఎనిమిది గంటలు కూర్చుని 280 ప్రశ్నలు రాస్తే ర్యాంకు లేదా? పక్కింటాయనకి ఏం చెప్పనురా?" నీట్ ర్యాంకును ఫ్లెక్సీ మీద వేయించిన మనిషి మరి.

టిఫిన్ సెంటర్లో కుర్రాడు ప్లేటులో అల్లం చట్నీతో వెన్నుపాము గీశాడు. నొప్పి, వేడి, చలి మోసే దారులు వెన్నుపాములోకి రాగానే అవతలికి దాటేస్తాయి. సున్నితమైన స్పర్శను, కంపనాన్ని మోసేవి మాత్రం వచ్చిన పక్కనే పైకి పోయి మెదడు అడుగున ఉండే మెడుల్లాలో దాటుతాయి. అందుకే వెన్నుపాము ఒక పక్క సగం తెగితే ఆ పక్క కాలు కదలదు, రెండో కాలికి సూది గుచ్చినా తెలియదు. ఇంత చెప్పి మంచినీళ్ళు తాగేలోపు సర్వరు ప్లేటు తీసుకుపోయాడు. రెండు రోజుల రివిజను టబ్బులో పడింది!

గదిలో గోడకి పెన్‌ఫీల్డ్ గారి బొమ్మ. మెదడు పైపొరలో ఏ అవయవానికి ఎంత జాగా ఉందో ఆ కొలతలతో గీసిన మనిషి: చేటలంత చేతులు, గారెల్లాంటి పెదవులు, పిడికెడు నడుము. చూడ్డానికొచ్చిన తల్లి సంతోషించింది. "దిష్టిబొమ్మ పెట్టుకున్నావా, మంచిపని చేశావు నాన్నా."

మొన్న పెళ్ళిలో బాబాయి నవ్వితే మూతి ఒక పక్కకే పోయింది. కుర్రాడు విస్తరి ముందునుంచి లేచాడు. "బాబాయ్, కనుబొమలు ఎత్తండి." ఎత్తాడు. నుదుటి మీద ముడతలు రెండు పక్కలా చక్కగా పడ్డాయి. కుర్రాడికి చెమటలు పట్టాయి. ముఖనరమే చెడితే ఆ పక్క నుదురూ కదలకూడదు. నుదుటికి మెదడు రెండు పక్కల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి, నుదురు బాగుండి మూతి ఒక్కటే వంకరపోయిందంటే అనుమానించాల్సింది మెదడును.

"స్ట్రోకు! 108కి ఫోన్ చెయ్యండి!"

"ఒఏయ్, ఆకురా," అన్నాడు బాబాయి.

"మాట కూడా ముద్దగా వస్తోంది!"

బాబాయి విసుక్కుని, కిళ్ళీని కుడి చెంపలోంచి ఎడమ చెంపలోకి తోసుకున్నాడు. మూతి వంకర కూడా పక్క మారింది.

"ఎక్కడ దాటిందబ్బా?" అంటూ కుర్రాడు ఫోన్ తీశాడు.