చెవికి ముద్ర వేయించారా?

"మోత మోత అంటే కుదరదు, ఎన్ని డెసిబెల్సో రాసుకుని రండి." రాత్రిపూట నిర్మాణపు మోత మీద ఫిర్యాదుకు వెళ్లిన మడికొండ కాలనీవాళ్లకు ఈ వారం ఒక కార్యాలయంలో దొరికిన ఈ జవాబు ఇప్పటికే ఊరంతా తిరిగింది.

సారు అడిగాక ఇవ్వకపోతే ఎలా? ఇంటికొక పెద్దమనిషిని ఎంచి తూనికలు కొలతల శాఖకు పంపాలి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాకు వేసినట్టే చెవితమ్మెకు ఏటా ముద్ర. ముద్రలేని చెవితో విన్న మోత చెల్లదు. అవ్వ "తలకాయ పలుగుతాంది బిడ్డా" అంటే, "ఏ చెవితో విన్నవ్? ముద్ర గడువు ఎప్పటిదాక ఉంది?" అని అడగాలి. పసిపిల్ల ఏడుస్తుంటే ఆ ఏడుపును లెక్కలోంచి కొట్టేయాలి. నిద్రలో ఉలిక్కిపడ్డానన్నవాడి ఫిర్యాదు అక్కడికక్కడే రద్దు: నిద్రపోయినవాడు వినడమేమిటి?

చెవులకు శిక్షణ కూడా కావాలి. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. డెసిబెల్ లెక్కన ఫిర్యాదు చేయాలంటే మాత్రం దానికి కనీసం ఇంకో పది మించాలి. పది పెరగడమంటే శబ్దశక్తి పదింతలు కావడం. అంటే పగటిపూట ముద్రపడ్డ చెవి 64 దాకా మర్యాదగా మూసుకుని కూర్చోవాలి. ఫ్రిజ్‌కు తయారీలోనే 46 దాకా అనుమతి ఉంది కాబట్టి 45 పరిమితి దాటిందంటూ రాత్రిపూట అమాయకపు ఫ్రిజ్‌నే పట్టుకుపోయే ప్రమాదమూ లేకపోలేదు.

మోతను రాత్రింబగళ్లు కొలిచే జాతీయ కేంద్రాలు 2011 నుంచి ఉన్నాయి. హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో. అవి లేని మడికొండ చెవులకే ఈ ఉద్యోగం రాసిపెట్టి ఉంది మరి.

రాత్రి పదకొండుకు రెడీమిక్స్ లారీ వస్తుంది. పంపు మొదలవుతుంది, స్లాబ్ మీద వైబ్రేటర్ గీపెడుతుంది. పక్కింటి అల్మరాలో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. అవ్వ లేచి గోడకానుకుని కూర్చుంటుంది.

ఆ శబ్ద నియమాలకు చేసిన 2010 సవరణ ఆ సారు బల్ల మీదికి రాలేదా? రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఇళ్ల మధ్య మోత చేసే నిర్మాణ యంత్రాన్ని నడపడమే నిషిద్ధం. నడిపితే చాలు, ఫిర్యాదు చేయొచ్చు, అంకె అక్కర్లేదు. కలెక్టరుకు, పోలీసు కమిషనరుకు చర్య తీసుకునే అధికారముంది. చట్టం, మీటరు, జీతం అన్నీ ప్రభుత్వం దగ్గరే పెట్టుకుని, నిద్రలేని ముసలమ్మను రుజువు తెమ్మనడం సిగ్గుచేటు. కొలవడం చేతకాకపోతే మానేయండి. లారీ వచ్చిన రాత్రి వచ్చి ఆ పంపు ఆపించండి.