సూపర్ పవర్ రచయితలు

2024 డిసెంబరులో ప్రభాస్ అండతో ‘ది స్క్రిప్ట్ క్రాఫ్ట్’ వెబ్‌సైట్ వచ్చింది. కొత్త రచయితలు 250 పదాల్లో కథ చెప్పాలి. చదివినవాళ్లు రేటింగ్ ఇస్తారు.

మీటింగులో కెమెరా ఆపేసి స్క్రీన్‌ప్లే రాసుకునే హైటెక్ సిటీ కుర్రాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఆఫీసులో అన్ని వాట్సాప్ గ్రూపులుండగా రేటింగులకు లోటా!

పాలమూరులో కథ రాసుకున్న కూలీ ఇంటి అమ్మాయికీ తలుపు బార్లా తెరిచే ఉంది. కాకపోతే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తమ్ముడి చేతిలో ఉంది.

మొదటి పోటీ అంశమూ గొప్పదే: మీ అభిమాన హీరోకు సూపర్ పవర్స్ ఉంటే? ఇన్నాళ్లూ మన హీరోలకు అవి లేనట్టు!

2022లో నెట్‌ఫ్లిక్స్ ‘టేక్ టెన్’ పేరుతో దేశం మొత్తమ్మీద పదిమందిని ఏరి, మెళకువలు నేర్పి, లఘుచిత్రాలు తీయమని తలా 10,000 డాలర్లు చేతిలో పెట్టింది. దండగ ఖర్చు! మన పద్ధతి చవక: కృష్ణానగర్ గది అద్దె నువ్వే కట్టుకో, కథా చర్చల్లో టీ మాత్రం ఫ్రీ.

గచ్చిబౌలిలో ఒక్క లైను కోడ్ మార్చినా ఎవరు మార్చారో, ఏ నిమిషానికి మార్చారో రికార్డవుతుంది. ఫిల్మ్‌నగర్‌లో సీను మొత్తం రాసినా టైటిల్స్‌లో పేరు పడుతుందన్న గ్యారంటీ లేదు.

హీరోల సంగతేమో గానీ, మన కొత్త రచయితలకు మాయమైపోయే శక్తి ఎప్పుడో వచ్చేసింది.