మా బంతికీ పంక్చర్ వేయించాం

పాలు పోయని చాయ్ తాగుతూ ఫుట్‌బాల్ చూసే మనుషులు ఈ భూమ్మీద ఉన్నారని మా మనవడు ఫోన్లో చెబితే, బ్రిస్టల్ చలికి వాడికి జ్వరమేమైనా తగిలిందా అనుకున్నాను. తగల్లేదట. అక్కడికి దగ్గర్లోనే గ్లోస్టర్‌షైర్‌లో నెయిల్స్‌వర్త్ అని ఓ చిన్న ఊరుంది, ఆ ఊరి గుట్ట మీద ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అనే క్లబ్బుంది. 1889 నాటిది. గాలిమరల కరెంటు అమ్ముకునే డేల్ విన్స్ అనే ఆసామి 2010లో దాన్ని చేతిలోకి తీసుకుని, ముందు ఆటగాళ్లకి వేటమాంసం, గొడ్డుమాంసం మాన్పించి, ఆ తర్వాత చూడవచ్చిన జనానికీ మాన్పించి, 2015 కల్లా మైదానంలో అమ్మే తిండి మొత్తాన్ని శాకాహారం చేసేశాడు. మన శాకాహారం కాదు నాయనా! పాలు, పెరుగు, నెయ్యి, ఏవీ కూడదు. నిష్ఠగా ఏకాదశి ఉపవాసాలు చేసిన మా మేనత్త కూడా పాలు మానలేదు. ఫిఫా వాళ్లేమో ప్రపంచంలోకెల్లా పచ్చని క్లబ్బు ఇదేనని మెచ్చుకున్నారు, 2018లో ఐక్యరాజ్యసమితి కూడా సర్టిఫికెట్ ఇచ్చింది. చాయ్ రుచి చూసి ఇచ్చారా, చూడకుండానే ఇచ్చారా అని అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు.

మా రోజుల్లో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో ఆట అయిపోయాక ఆబిడ్స్ దాకా నడిచి, ఇరానీ హోటల్లో వన్ బై టూ చెప్పి, సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, ఆఫ్‌సైడ్ ఇవ్వని రిఫరీని ఆ హోటలు కప్పు లేచిపోయేలా తిట్టేవాళ్లం. ఆ తిట్లకు బలం ఎక్కణ్నుంచి వచ్చేదనుకున్నారు? పాల నుంచి. గంటలకొద్దీ మరిగి మరిగి మీగడ కట్టిన పాలు. పాలకు బదులు ఓట్స్ పిండిన నీళ్లు తాగి రిఫరీని ఏం తిడతారు మీరు, క్షమాపణ చెప్పి ఇంటికి పోతారు.

మనవడు ఫొటోలు కూడా పంపాడు. ఆ క్లబ్బు గడ్డికి పురుగుమందు కొట్టరు, రసాయన ఎరువు వెయ్యరు. వాననీరు పట్టి మళ్లీ గడ్డికే పెడతారు. గడ్డి కొయ్యడానికి మనిషి లేడు, ఎండకి నడిచే ఓ యంత్రం ఉంది, ఉపగ్రహాలు దారి చెబుతుంటే అదే అటూ ఇటూ తిరిగి కోసుకుంటుంది. ఇంతోటి దానికి ఉపగ్రహం ఎందుకురా? మా మైదానంలో గడ్డి కోసినవి మేకలు. వాటికి దారి చెప్పే అవసరం ఎవరికీ రాలేదు, ఆట మధ్యలో గోల్ ముందుకొచ్చి నిలబడితే తోలేసే అవసరం తప్ప. ఎరువు కూడా అవే వేసిపోయేవి, కార్నర్ కొట్టేవాడు కాస్త చూసుకుని నిలబడాలి. అసలు గడ్డంటూ ఉంటే కదా అని మీరు అడగొచ్చు. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఉండేది. మిగతా నెలల్లో దుమ్ము.

ఇక జెర్సీలు. 2019లో వెదురు నారతో చేశారట, 2021లో కాఫీ పిప్పి, పాత ప్లాస్టిక్ కలిపి. అంతకు ముందే 2010 ప్రపంచ కప్పులో నైకీ కంపెనీ ప్లాస్టిక్ సీసాలు కరిగించి చొక్కాలు కుట్టింది, చొక్కాకి ఎనిమిది సీసాల లెక్కన. మా ఆవిడ ఫిల్టర్లో మిగిలిన పిప్పిని గులాబీ మొక్క మొదట్లో వేసింది. అది తొడుక్కోవచ్చని తెలిస్తే నన్ను అదే వేసుకుని ఆఫీసుకి పొమ్మనేది. మా జెర్సీ అంటే మా అన్న వేసి వేసి విడిచిన బనీను, నీలిమందులో ముంచి తీసింది. ఆట మొదలైన పావుగంటకి చెమటకి రంగు కారి ఒంటికి అంటుకునేది, మ్యాచ్ అయ్యాక నాలుగు రోజులు మేం ఏ జట్టు వాళ్లమో బడిలో అందరికీ తెలిసేది.

బంతి సంగతి చెప్పనే లేదు. పైన తోలు, లోపల రబ్బరు బ్లాడర్, మూతి దగ్గర తాడు బిగించి కట్టేవాళ్లం. తలతో కొట్టేటప్పుడు ఆ తాడు నుదుటికి తగిలిందా, వారం దాకా అచ్చు పోదు. వానలో తడిస్తే తోలు నీళ్లు పీల్చి గుండ్రాయి అయ్యేది. బ్లాడర్ చిల్లు పడితే సైకిల్ షాపు చాచా దగ్గరికి పరిగెత్తడమే. ఆయన దాన్ని నీళ్ల తొట్టెలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందో చూసి, సొల్యూషన్ రాసి ముక్క అతికించి, రెండు పంపులు కొట్టి, డబ్బులు తర్వాత ఇద్దురు పొమ్మనేవాడు. తోలు కుట్లు విడిపోతే మోచీ దగ్గరికి. అలా ఒక్క బంతి ఏళ్ల తరబడి ఆడింది, గుండ్రంగా ఉండడం మానేశాక కూడా. దీనికి మాకెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. రెండో బంతి కొనే డబ్బుంటే మేమూ చాచా గడప తొక్కేవాళ్లం కాదేమో, అది వేరే సంగతి.

బూట్లంటారా? 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే ఫ్రాన్స్ మీద ఆడారు. రెండు పెనాల్టీలు పారేసుకుని కూడా 2-1తోనే ఓడారు. అంతకన్నా పొదుపు ఎవడు చేయగలడు చెప్పండి. 1952లో హెల్సింకీ వెళ్లి ఆ చలిలో అదే పొదుపు చూపిస్తే యుగోస్లావియా 10-1తో సాగనంపింది, దాంతో బూట్లు తప్పనిసరి చేశారు. ఆ సంగతి నేను సాధారణంగా ఎత్తను.

మా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి మీకెవరైనా చెప్పారా? చెప్పి ఉండరు, మీకు ఇంగ్లండ్ జట్ల తాతముత్తాతలు తెలుసు గానీ. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చారు. వాళ్లని తయారుచేసింది రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. బలహీనమైన కాలితోనే ఆడాలని కుర్రాళ్లకి పోటీలు పెట్టేవారు. ఆయనే 1951లోనూ 1962లోనూ మన దేశానికి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిపెట్టారు. మా అమ్ముగూడ తులసీదాస్ బలరాం 1962 జట్టులో ఉన్నాడు. వీళ్లంతా ఏం తిన్నారో నేను చూడలేదు, ఓట్స్ పాలు మాత్రం కాదు. ఇప్పుడు ఆ పచ్చ క్లబ్బు సంగతి చూడండి, 2022లో లీగ్ టూ గెలిచి పైకెక్కింది, 2023లో ఒక మెట్టు, 2024లో ఇంకో మెట్టు దిగింది. చాయ్‌లో పాలు లేకపోతే ఇంతేరా అన్నాను. "దానికీ దీనికీ ఏం సంబంధం తాతా?" అన్నాడు. సంబంధం నాకూ తెలీదు.

వాడొక మాట చెప్పాడు, అది మాత్రం బుర్రకెక్కింది. మ్యాచ్ వల్ల పుట్టే పొగలో పెద్ద వాటా లైట్లదీ కాదు, గడ్డిదీ కాదు, చూడవచ్చే జనం ప్రయాణాలదేనట. మరి ఆ లెక్కన మేం మహాత్ములం కదా! సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా నడిచి పోయాం. గంటకింత అని అద్దెకిచ్చే సైకిలు మీద ముగ్గురం ఎక్కి, లైటు లేదని పోలీసాయన ఆపితే ఇద్దరం దిగి పరిగెత్తాం. లోపల టికెట్టుకి అణాలు లేకపోతే గోడ బయటి వేపచెట్టెక్కి చూశాం. ఆ పచ్చ క్లబ్బు వాళ్లు మొత్తం చెక్కతో స్టేడియం కట్టాలని జహా హదీద్ సంస్థ చేత నమూనా గీయించారట. మా చెక్క స్టేడియానికి ఆకులు కూడా ఉండేవి, నీడకి.

2024 యూరో కప్పుకి జర్మనీ వాళ్లు టికెట్టుతోపాటు 36 గంటలు సిటీ బస్సులూ రైళ్లూ ఉచితం చేశారు. ఇది బాగుంది, నేను ఒప్పుకుంటున్నాను, రాసి పెట్టుకోండి. అక్కడి స్టేడియాల్లో గ్లాసుకి డిపాజిట్ కట్టించుకుని, తెచ్చిస్తే తిరిగిస్తారు. దీన్ని కొత్త ఆలోచన అంటే మాత్రం ఊరుకోను. మా గోలీసోడా బండివాడు డిపాజిట్ కూడా అడిగేవాడు కాదు, సీసా తిరిగి చేతిలో పెట్టేదాకా మొహంలో మొహం పెట్టి నిలబడేవాడు. పల్లీలు పాత పేపరు పొట్లంలో వచ్చేవి, అవి నమిలేలోగా నిరుడు ఎవరు గెలిచారో చదువుకునేవాళ్లం. తొక్కలా? అక్కడే ఉమ్మేశాం. జపాన్ వాళ్లు ప్రపంచ కప్పుల్లో ఆట ముగిశాక సంచులు పట్టుకుని స్టాండ్లు ఊడుస్తుంటే టీవీలో చూసి మా ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది.

ఇంత చేసి చివరికి ఈ ఫుట్‌బాల్ పెద్దలు ఏం చేస్తున్నారు? 2021లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు లెస్టర్ వెళ్లడానికి విమానం ఎక్కింది. పది నిమిషాల ప్రయాణం! మా పోలీసు జట్టు బొంబాయికి రైల్లో వెళ్లి కప్పుతో వచ్చింది. 2022లో ఖతర్‌లో 974 సరుకు డబ్బాలు పేర్చి, విప్పి పట్టుకుపోయేలా స్టేడియం కట్టారు. బుద్ధిమంతులే అనుకునేలోగా, ఆ ప్రపంచ కప్పు వల్ల కర్బన భారమే లేదన్న ఫిఫా ప్రచారం తప్పుదోవ పట్టించేదని మరుసటి ఏడు స్విట్జర్లాండ్ ప్రకటనల సంఘం తేల్చింది. ఇక 2030ది స్పెయిన్, పోర్చుగల్, మొరాకోల్లో అట, మొదటి మ్యాచులు ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వేల్లో అట. మూడు ఖండాలు! అందరూ కాఫీ పిప్పి చొక్కాలు తొడుక్కుని సముద్రం మీద ఎగురుతూ పోతారన్నమాట.

ఈసారి సెలవులకి వచ్చినప్పుడు ఇక్కడేదైనా మ్యాచ్ ఉంటే చూపిస్తానన్నాడు మనవడు. కారులో పోదాం తాతా అన్నాడు. బస్సులో పోదాం, అంత చదువు చదివి కారేమిట్రా అని గట్టిగానే అన్నాను. నా మోకాళ్లు మాత్రం వాడి పక్షం.