చూసి గీసిన చెయ్యి

డ్రాయింగు మాస్టారిది జగ్గయ్యపేట. పొద్దున్నే బస్సెక్కి, నందిగామ ఇంకా రాకముందే విజయవాడ రోడ్డు మీద దిగి, షేర్ ఆటోలో లోపలి ఊరి హైస్కూలుకు చేరేవారు. తొమ్మిదో తరగతికి వారానికి ఒక్కటే డ్రాయింగు పీరియడు. పరీక్షలు దగ్గరపడితే అదీ లెక్కలకు పోయేది. మిగిలినంత మేరకు మాత్రం ఆయన పాఠం గట్టిగా చెప్పేవారు.

జూన్‌లో మొదటి పీరియడు. ఏదైనా బొమ్మ వేయమన్నారు. తరగతి అంతా ఒకే బొమ్మ వేసింది. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ముందు నీలం రంగు నది. మునేరు ఇసుకలో సన్నపాయగా పారడం చిన్నప్పటి నుంచీ చూసిన పిల్లలు కూడా నదికి నీలం నిండుగా పులిమారు.

మాస్టారు కాగితాలన్నీ పక్కన పెట్టించారు.

"ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టండి. దాన్ని గీయండి. మీకు తెలిసింది కాదు, కనిపించింది గీయండి."

పిల్లలకు తెలిసిన చెయ్యి అంటే అయిదు వేళ్ళు. అవే గీశారు. మూడో బెంచీ అమ్మాయి వేళ్ళ పొడవులు సరిగ్గా పట్టుకుంది గానీ చెయ్యంతా నున్నగా వదిలేసింది. కణుపుల దగ్గర రెండేసి గీతలు, గోళ్ళు, అంతే. మాస్టారు ఎర్ర సిరాతో 10కి 4 వేసి కింద రాశారు: "చర్మం మీద ఏమీ లేదా? కళ్ళు పెట్టి చూడు."

ఆ ఏడంతా అదే మాట. చెంబు గీసినా, వేపరెమ్మ గీసినా, కిటికీలోంచి కనిపించే సిమెంటు లారీ గీసినా కళ్ళు పెట్టి చూడమనేవారు.

కార్తీకమాసంలో పిల్లల్ని జగ్గయ్యపేట తీసుకెళ్ళారు. ఊరి పక్కన ధనబోడు మీద బౌద్ధస్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించింది. మంచి శిల్పాలు ఇక్కడ లేవు. వాటిలో పేరున్న మాంధాత చక్రవర్తి ఫలకం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అందుకని మాస్టారు దాని ఫొటో పెద్దది చేయించి వెంట తెచ్చారు. ఎండలో దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్ది నాటి బొమ్మ. రాతిలోకి లోతుగా దిగకుండా పైపైనే చెక్కారు. చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తాడు. మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు రాలుతున్నాయి. ఒక కుర్రాడు నాణేలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. మూడో బెంచీ అమ్మాయి చేతినే చూస్తూ అడిగింది.

"చెక్కినాయన ఎవరి చెయ్యి చూసి చెక్కాడు సార్?"

ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది. మాస్టారు సంతోషించారు.

"రాజు వచ్చి నిలబడి ఉండడమ్మా. తన చెయ్యే చూసుకుని ఉంటాడు."

ఆ ఫలకం చెక్కినవాడి పేరు రాతి మీద లేదు. తరవాత ఎప్పుడో, క్రీస్తుశకం మూడో శతాబ్దిలో, అదే స్తూపానికి అయిదు ఆయక స్తంభాలు, అంటే స్తూపం వేదిక మీద నిలిపే రాతి స్తంభాలు, ఇచ్చినవాడి పేరు మాత్రం ఉంది. సిద్ధార్థుడు. శిల్పి, శిల్పి కొడుకు. శాసనంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఏలుబడిలో 20వ ఏడు అని ఉంది. తేదీ రాజుది, దానం పనివాడిది. ఈ సంగతి మాస్టారు రెండుసార్లు చెప్పారు. చెప్పవలసిన సంగతే.

ఆ మెట్టలో దీపావళి దాటితే పత్తితీతలు. సంక్రాంతి దాటితే మిరపకోతలు. బడి బెంచీలు పలచబడతాయి. మూడో బెంచీ అమ్మాయి రావడం తగ్గింది. జనవరిలో అప్పుడప్పుడు కనిపించింది. ఫిబ్రవరిలో అసలు కనిపించలేదు. ఎవరింట్లో అయినా ఇద్దరు కూలికెళితే ఒక్కరు వెళ్ళినదానికన్నా నయమే కదా అని ఎవరూ అడగలేదు.

మార్చిలో వచ్చింది.

మాస్టారు ఆఖరి పీరియడుకు ఒక ఏర్పాటు చేసుకున్నారు. జూన్ కాగితాలు బీరువాలో దాచి ఉంచారు. వాటిని చూపించకుండా ఎడమ చెయ్యి మళ్ళీ గీయమన్నారు. గీశాక నల్లబల్లకు అడ్డంగా పురికొస కట్టి, ప్రతి పిల్లవాడి పాత బొమ్మా కొత్త బొమ్మా జంటగా క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. ఏడాదిలో ఏం నేర్చుకున్నారో కాగితం వెనక ఒక్క వాక్యం రాయమన్నారు. హెడ్మాస్టరు గారిని కూడా పిలిచారు.

వాక్యాలు బాగానే వచ్చాయి. నీడ వేయడం వచ్చిందని ఒకడు, బొటనవేలు పక్కకు తిరిగి ఉంటుందని తెలిసిందని ఒకడు, రబ్బరు తక్కువ వాడుతున్నానని ఒకమ్మాయి రాశారు.

మూడో బెంచీ అమ్మాయి కాగితం వెనక ఖాళీ. ముందు వైపు చూసి హెడ్మాస్టరు గారు ఆగిపోయారు.

చూపుడు వేలి మీద అడ్డంగా గాటు మానిన మచ్చ. బొటనవేలి కొస పగిలి, పగుళ్ళలో నలుపు. ఒక గోరు సగం వరకు ముదురు రంగు. గోళ్ళ మొదళ్ళలో పొక్కు కట్టిన చిన్నచిన్న చుక్కలు, పత్తికాయ మొనలు గుచ్చుకుంటే పడేలాంటివి. అరచేతి అంచున చర్మం మందంగా లేచి ఉంది. 2బి పెన్సిలు ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదలాలో తెలిసి నడిచింది. పక్కనే జూన్ నాటి నున్నటి చెయ్యి, దాని కింద ఎర్ర సిరా.

"ఇన్ని క్లాసులు పోగొట్టుకుని కూడా ఎంత మార్పో చూడండి సార్," అన్నారు మాస్టారు. ఆయన గొంతు కొంచెం వణికింది. పిల్లల వైపు తిరిగారు. "జూన్‌లో ఈ అమ్మాయికి ఇందులో ఒక్కటీ కనపడలేదు. చెయ్యి ముందే ఉంది, కళ్ళే లేవు. ఇప్పుడు చూడండి. చూడ్డం నేర్చుకోవడమంటే ఇదీ."

10కి 10 వేశారు. ఆయన సర్వీసులో ఎవరికీ వేయని మార్కు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎలా నేర్చుకున్నావో చెప్పమ్మా అన్నారు హెడ్మాస్టరు గారు.

అమ్మాయి లేచి నిలబడింది.

"జూన్‌లో కూడా చూసే గీశాను సార్. అప్పుడు ఇయ్యేమీ లేవు."