రెండు ఖాతాల హవల్దారు

మన హవల్దారు గారు క్రమశిక్షణకు పెట్టింది పేరు. ఆయన బూట్లలో మొహం చూసుకోవచ్చు. ట్రంకుపెట్టెలో బనీన్లు కూడా వరస తప్పవు. అదే పద్ధతిలో సోషల్ మీడియానూ రెండు అరలు చేసుకున్నారు. మొదటి ఖాతాలో అసలు పేరు, మువ్వన్నెల జెండా, జనవరి 26కీ ఆగస్టు 15కీ శుభాకాంక్షలు. అది ఉద్యోగానిది. రెండోది సొంతానిది. దాని పేరు ‘గోదారి టైగర్’, డీపీలో ఒక పులి. ఇక తనెవరో బ్రహ్మదేవుడు కూడా పోల్చుకోలేడని ఆయన ధీమా. పులిగారి మిత్రుల జాబితా విప్పితే సగంమంది సొంతూరివాళ్లు, మిగతా సగం ఒకే రెజిమెంటువాళ్లు. పెళ్లిరోజున పులికి ‘హవల్దార్ సాబ్, ముబారక్ హో’ అంటూ కంపెనీ కంపెనీయే సెల్యూట్లు కొడుతుంది. అడవిలో ఏ పులికీ ఇంత సీనియారిటీ ఉండదు.

ఆయన్ని తప్పుపట్టడం కష్టం, ఎందుకంటే ఆయనెప్పుడూ రహస్యం చెప్పరు. ఫిరంగుల లెక్క, గస్తీ వేళలు ప్రాణం పోయినా నోట రావు. బయటికొచ్చేది మురిపెం మాత్రమే. తెల్లవారుజామున మంచులో టీ గ్లాసు పట్టుకుని ఒక సెల్ఫీ. భుజం మీద రెజిమెంటు బిళ్ల, వెనకాల కిలోమీటరు రాయి. ‘జీవితం ఒక ప్రయాణం’ అని కింద వేదాంతం. దానికి బావమరిది కామెంటు: ‘బావా, అయితే సంక్రాంతికి రానట్టేగా?’ పిన్నిగారి ప్రశ్న: ‘పోయిన నెల వేడిగా ఉందన్నావు, ఇప్పుడీ స్వెట్టరేమిటి నాయనా?’ ఎవరు, ఏ దళం, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎన్నాళ్లు అనేవన్నీ బంధువులే పూరించి పెట్టారు. గూఢచారికి మిగిలిన పని లైకు కొట్టడమే. అసలు చిక్కు ఇక్కడుంది: హవల్దారు గారు గోడను రెండు ఖాతాల మధ్య కట్టుకున్నారు. కట్టాల్సింది ఫొటో తీయడానికీ పెట్టడానికీ మధ్య. ఏ ఖాతాలో ఉన్నా కిలోమీటరు రాయి మీది అంకె మారదు.

మురిపెం మోసిన మూటలు చరిత్రలో ఉన్నాయి. 2010లో ఒక ఇజ్రాయెల్ సైనికుడు తమ దళం వెస్ట్ బ్యాంక్‌లో ఏ ఊరిమీదికి, ఏ రోజు వెళ్తోందో ఫేస్‌బుక్‌లో రాసుకున్నాడు. దాడి రద్దయింది, అతనికి పది రోజుల జైలు పడింది. చెప్పింది శత్రువుకు కాదు, స్నేహితులకే. స్ట్రావా అనే వ్యాయామ యాప్ 2017 నవంబరులో తన వాడకందార్ల పరుగు దారులన్నీ కలిపి ప్రపంచ పటం విడుదల చేసింది. 2018 జనవరిలో జనం పరీక్షగా చూస్తే సిరియా, అఫ్గానిస్తాన్‌లలోని సైనిక స్థావరాల ఆకారాలు అందులో వెలుగుతూ కనిపించాయి. పాపం ఆ పరుగెత్తినవాళ్లు ఏ కబురూ పెట్టలేదు, ఫొటో కూడా దిగలేదు. పొట్ట తగ్గించుకుందామనుకున్నారు, అంతే.

ఉపగ్రహాలు ఆకాశం నుంచి అంతా చూస్తుంటే ఒక హవల్దారు సెల్ఫీతో కొత్తగా పోయేదేముందని అడగవచ్చు. ఉపగ్రహానికి కట్టడం కనిపిస్తుంది. అందులో ఉన్నవాడి కూతురికి జ్వరమనీ, లీవు దొరక్క మథనపడుతున్నాడనీ కనిపించదు. అది పులి ఖాతాలో దొరుకుతుంది. మర్నాడే ఒక అందమైన పేరుతో ఫ్రెండ్ రిక్వెస్టు వస్తుంది. ఆ అమ్మాయి తుపాకుల ఊసెత్తదు. ‘పాపకెలా ఉంది? మీరు తిన్నారా?’ అంటుంది. ఇంట్లో ఆవిడ రోజుకొక్కసారి అడిగే మాటను ఈమె మూడు పూటలా అడుగుతుంది. జవానూ మనిషేగా, ఇల్లు గుర్తురాదా అనే రెండో ప్రశ్నకు బలముంది. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో యూనిఫారం ఇంటింటి గర్వం. దాన్ని అణచుకోమనడం అన్యాయమే. కానీ తల్లికి కొడుకు మొహం చూపించడానికి వీడియో కాల్ చాలు. మూడు వందలమంది సాక్షులు అక్కర్లేదు. హక్కుల మాటకొస్తే, సైనికుల ప్రాథమిక హక్కులకు హద్దులు పెట్టే అధికారం రాజ్యాంగం 33వ అధికరణంలోనే పార్లమెంటుకు ఇచ్చింది. ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది: అందరూ నోరు కట్టుకుంటే లోపలి అన్యాయం బయటికెలా వస్తుంది? 2017 జనవరిలో ఒక బీఎస్ఎఫ్ జవాను తమకు పెట్టే తిండి ఇదీ అని వీడియో పెట్టాడు. ఏప్రిల్లో ఉద్యోగం పోయింది. ఆ శిక్ష న్యాయమా కాదా అన్న వాదన వేరు. అతను మాత్రం యూనిఫారంలో, సొంత మొహంతో, గీత ఎక్కడుందో తెలిసే దాటాడు. మన పులికి గీత ఉందన్న సంగతే తెలియదు.

2020 జులైలో భారత సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసెయ్యమంది. ఒక అధికారి దీనిమీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే అక్కడ ఊరట దొరకలేదు. నిషేధం గోడకన్నా గట్టిదే గానీ, అదీ ఫోన్‌నే పట్టుకుంటుంది; మురిపెం జోలికి పోదు. హవల్దారు గారు ఆదేశాన్ని తూచా తప్పకుండా పాటించారు, కాకపోతే ముందుగా ‘ఆర్డరొచ్చింది మిత్రులారా, సెలవు’ అని రెండు ఖాతాల్లోనూ ప్రకటించి, వచ్చిన 140 కామెంట్లకూ పేరుపేరునా జవాబిచ్చాక. ఆ తర్వాత ఆయన ఫోన్ గంగలా స్వచ్ఛం. ఫొటోలన్నీ బావమరిది ఫోన్లో పదవీ బాధ్యతలు స్వీకరించాయి. మొన్న అతను పెట్టిన స్టేటస్ ఇది: ‘మా బావ సోషల్ మీడియాకు దూరం, డ్యూటీయే దైవం’. పైన యూనిఫారంలో బావ, పక్కన యూనిట్ బోర్డు.