ఎట్ల బందయ్యింది?

మా రోజుల్లో వరంగల్‌లో జనరేటర్ ఆగిపోతే మెకానిక్ ముందుగా పానా పట్టేవాడు కాదు. "ఎట్ల బందయ్యిందన్నా? ఒక్కపారిగానా, గుంజుకుంట గుంజుకుంటనా?" అని అడిగేవాడు. ఆ జవాబుతోనే సగం జబ్బు తేలిపోయేది. ఇప్పుడు ఆ మాట అడిగే ఓపిక ఎవరికుంది? ఆగిందా, కొత్త ప్లగ్గు. మళ్లీ ఆగిందా, కొత్త కార్బరేటర్. మూడోసారి "పాతదైంది, తీసెయ్ సార్."

రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయే బండ్లను చూడండి. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకొని పోయేవాళ్లం. ఇప్పుడు వ్యానులోనే పరుపులు, ఫ్యాన్లు, ఫ్రిజ్జు, కొందరికైతే ఏసీ. వెనక పెట్టెలో పెట్రోల్ జనరేటర్. జంపన్నవాగు దగ్గర దాన్ని ఇసుకలో దించి తాడు గుంజుతారు. కాసేపు నడిచి ఆగుతుంది, మళ్లీ గుంజుతారు. రాత్రంతా అదే పని.

అసలు ఆ ఇసుకలోనే ఉంది తిరకాసు. మిషను ఒక పక్కకు ఒరిగితే లోపలి ఆయిల్ కూడా అటే పోతుంది. ఆయిల్ తగ్గిందనుకొని సెన్సర్ ప్లగ్గుకు నిప్పురవ్వ అందకుండా చేస్తుంది. ఇంజను టక్కున ఆగిపోతుంది. చదునైన పలక మీద పెట్టి, ఆయిల్ కొలత చూసుకుంటే చాలు.

గుంజుకుంటూ ఆగితే పెట్రోల్ అందడం లేదని అర్థం. ట్యాంకు మూత విప్పగానే గాలి సుయ్‌మని లోపలికి పోయి, ఆ తర్వాత ఇంజను నిమ్మళంగా నడిచిందంటే మూతకుండే గాలిరంధ్రం పూడుకున్నట్టే. పైనుంచి గాలి రాకపోతే పెట్రోల్ కిందికి దిగదు. సూదిమొనతో పోయే దుమ్ముకు కార్బరేటర్ మార్పించి వేలకు వేలు తీసుకుంటున్నారు. నాకు కడుపు మండేది ఇక్కడే.

మూత బాగానే ఉంటే అప్పుడు కార్బరేటర్ జెట్టు చూడాలి. పోయిన జాతర పెట్రోల్‌ను ఈ జాతర దాకా ట్యాంకులోనే ఉంచితే అది జిగురై జెట్టుకు అడ్డం పడుతుంది. పైగా ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీలుస్తుంది. మా కిరోసిన్ జనరేటర్లను పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు తిప్పి, ఆపేముందు మళ్లీ పెట్రోల్‌కు తిప్పేవాళ్లం. దాచిపెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్ ఎండేదాకా నడిపేవాళ్లం. అదంతా పెద్ద చదువేం కాదు, మిషను మీద మర్యాద.

ఇంజను నడుస్తూనే ఉండి కరెంటు ఒక్కటే పోతే అది వేరే లెక్క. ఏసీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న జనరేటర్ అంత బరువు మోయలేదు.

బయట బాగా నడిచి, వ్యాను పెట్టెలో మాత్రమే ఆగితే తప్పు పెట్టెది. గాలి తిరగక, తన వేడిని తానే పీల్చుకొని ఉడికిపోతుంది. పెట్టెకు నున్నగా రంగు వేసేటోళ్లకు గాలి కోసం జాలీ పెట్టడం తోచదు. పైగా జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం మాత్రం తీస్తుంది. మిషనును బండికి దూరంగా, పొగ మనుషుల వైపు రాకుండా తిప్పి పెట్టాలి. పిల్లలు లోపల పండుకొని ఉండగా వ్యాను కిందనే నడిపిస్తుంటే నేను అడగను, పోయి బంద్ చేస్తా.